తోడు డబ్బా

ఉండాల్సిన చోట తోడు డబ్బా లేదు.

మొదట నేను కంగారు పడలేదు. మా షెడ్డులో వస్తువులకు కాళ్ళుంటాయి. గరిట కోసం వెతికితే జల్లెడ దొరుకుతుంది, జల్లెడ కోసం వెతికితే నిన్న పోయిన చెప్పు దొరుకుతుంది. బల్ల కింద చూశాను. తొట్ల వెనక చూశాను. గోనెసంచులన్నీ ఎత్తి చూశాను. అది చిన్న డబ్బా ఏమీ కాదు. మూతకు కొక్కెం ఉన్న స్టీలు డబ్బా, ఎత్తుకుంటే చంటిపిల్లంత బరువుంటుంది. దాని పొట్ట మీద మా వదిన తెల్ల రంగుతో, గుండ్రటి అక్షరాలతో 'తోడు' అని రాసింది. అంత కొట్టొచ్చినట్టు కనిపించే డబ్బా కనిపించడం లేదంటే ఎవరో పట్టుకుపోయి ఉండాలి. పట్టుకుపోయినవాళ్ళు దాన్ని పెరుగనుకుంటే ఏమవుతుందో తలుచుకున్నాక గానీ నాకు కంగారు మొదలవలేదు.

మా షెడ్డు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇదేదో వంటింటి గొడవ అనుకుంటారు.

మా షెడ్డు చిప్స్ ఫ్యాక్టరీ వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. గోడకు అటువైపు రోజంతా బంగాళాదుంపలు తొక్కలూడి, చక్రాల్లా తెగి, నీళ్ళలో జలకాలాడుతుంటాయి. వాటిని కడిగిన నీళ్ళు తెల్లగా ఉంటాయి. ఇదివరకు ఆ నీళ్ళు నేరుగా కాలవలోకి పోయి, అక్కడ పులిసేవి, వీధి వీధంతా ముక్కు మూసుకుని నడిచేది. ఇప్పుడు గోడలోంచి ఒక గొట్టం మా తొట్లలోకి వస్తుంది. నీళ్ళు కదలకుండా నిలబెడితే పిండి అడుగుకు దిగుతుంది. ఆ పిండితో మేం అట్టపెట్టెలు అతికే జిగురు చేస్తాం. తొక్కల్ని కూడా వదలం, వాటిని నూరి, నొక్కి, ఎండబెట్టి గాజు సీసాలు పగలకుండా మధ్యలో పెట్టే అచ్చులు పోస్తాం.

ఇదంతా మా వదిన బుర్రలో పుట్టింది. పెళ్ళప్పటికి ఆవిడకు పరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఫ్యాను కింద కుర్చీ, తెల్ల కోటు, మధ్యాహ్నం టీ. అవన్నీ వదిలేసి కుళ్ళిన తొక్కల మధ్యకు వచ్చి నిలబడితే మా అమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు నాతో అంటున్నానన్న వంకతో, వదినకు వినబడేలా, "కోడలొస్తుందనుకుంటే ఇంటికి కుడితి తొట్టి వచ్చింది" అనేసింది. వదిన విన్నది. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళ మధ్య నేరుగా మాట లేదు. మా అన్నయ్య లారీ తోలుతూ వారానికోసారి ఇంటికొస్తాడు, అతనికి ఈ బాధ లేదు. ఉన్నదల్లా నాకే. "మీ వదినకు చెప్పు, గ్యాస్ అయిపోయిందని." "అత్తయ్యను అడుగు, మందులు తేవాలేమో." ఒకే గదిలో ముగ్గురం కూర్చుని ఉండగా ఈ వార్తలు నేను అటు నుంచి ఇటు మోయాలి. నాకు కోపం లేదని కాదు. ఇద్దరి మీదా ఉంది. కానీ మోసేదానికి కోపమొస్తే మూట ఎక్కడ దించుతుంది?

సరే, డబ్బా సంగతి. పని చేస్తూ చేస్తూ మాకు తెలియకుండానే వంటింటి మాటలు షెడ్డులోకి వచ్చేశాయి. తెల్లనీళ్ళను 'పాలు' అంటాం. అడుగున పేరుకున్న పిండి 'మీగడ'. లోకంలో మీగడ పైన కడుతుంది, మా దగ్గర అడుగున కడుతుంది, అంతే తేడా. ఆ మీగడలో కొంత తీసి, కాస్టిక్ సోడా వేసి ఉడికిస్తే చిక్కటి ముద్దవుతుంది. దాన్ని మిగతా పచ్చి పిండి నీళ్ళలో కలిపితే పిండి అడుగుకు దిగిపోకుండా నిలబడుతుంది, అట్టకు రాసి వేడి తగిలించగానే గట్టిగా పట్టేస్తుంది. పాలలో చెంచాడు వేస్తే అన్నీ తోడుకున్నట్టు ఈ ముద్ద పడితేగాని మా పాలు జిగురు కావు. అందుకే దాని పేరు తోడు.

చల్లారాక అది చూడటానికి అచ్చం పెరుగే. తెల్లగా, మెత్తగా, పైన కాస్త తేట తేరి ఉంటుంది. చేతికి తగిలితే సబ్బులా జారుతుంది, కడుక్కోకపోతే చర్మం కాలుతుంది. నోట్లో పడితే నాలుక దగ్గర నుంచి కడుపు దాకా పుండు చేస్తుందని వదిన నాకు మొదటి రోజే చెప్పింది. డబ్బా మీద ఎర్ర కాగితంతో హెచ్చరిక కూడా అంటించాం. మా జిగురుతోనే అంటించాం. తడి తగిలి ఊడిపోయింది. రంగుతో రాసిన ఆ ఒక్క మాటే మిగిలింది.

ఆ రోజు మాకు పరీక్ష రోజు. ఊరి చివర అట్టపెట్టెల కంపెనీలో మా జిగురును మొదటిసారి మెషీన్ మీదకు ఎక్కిస్తున్నారు. పెట్టెలు నిలిస్తే వాళ్ళకు మేమే జిగురు పోస్తాం. ఊడిపోతే చిప్స్ ఫ్యాక్టరీవాళ్ళు గొట్టం తీసేసి పాలన్నీ మళ్ళీ కాలవలోకే వదిలేస్తామని ముందే చెప్పారు. వదిన మొదటి పీపాతో పొద్దున్నే వెళ్ళింది. రెండో పీపా నేను కలిపి పంపాలి. కలపడానికి తోడు కావాలి.

వదినకు ఫోన్ చేశాను.

"వదినా, తోడు డబ్బా నువ్వేమైనా తీసుకెళ్ళావా?"

"నేనెందుకు తీసుకెళ్తాను? రెండో పీపాకి కావాలిగా. బల్ల మీదే పెట్టాను." వెనక నుంచి మెషీన్ రొద వినిపిస్తోంది, దాని మీద ఆవిడ అరుస్తోంది. "మొదటి పీపా బానే పోతోంది. రెండోది ఎప్పుడు పంపుతావు?"

"డబ్బా దొరగ్గానే."

"బల్ల మీద చూడు, మనం అన్నాలు తినే పక్క. దొరక్కపోతే కొత్తది ఉడికించెయ్. జిగురు అయిపోయి మెషీన్ ఆగిందంటే మేస్త్రి మళ్ళీ మనది ఎక్కించడు."

అన్నాలు తినే పక్క. ఆ మాట చెవిలో పడగానే అమ్మ గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నం అమ్మ నాకు భోజనం తెచ్చి వెళ్ళింది. రోజూ తెస్తుంది. నాకు మాత్రమే తెస్తుంది. వదిన కోసం ఏమీ తేదు, కానీ నా గిన్నెలో ఇద్దరికి సరిపడా పెడుతుంది, అదొక తిక్క. నేను అప్పుడు వెనక పెద్ద తొట్టి దగ్గర ఉన్నాను, కలిపే మోటారు గుర్రుమంటోంది. అమ్మ గుమ్మం నుంచి కేకేసింది. "తీసుకెళ్తున్నానే!" అంది. నిన్నటి ఖాళీ గిన్నెలనుకుని "సరే" అన్నాను.

నిన్నటి ఖాళీ గిన్నెలు బల్ల కింద అలాగే ఉన్నాయి.

పొద్దున ఇంట్లో జరిగింది కూడా అప్పుడే గుర్తొచ్చింది. వదిన బయల్దేరుతుంటే అమ్మ ఫ్రిజ్ తలుపు తీసి, అందులో ఉన్న శూన్యంతో మాట్లాడినట్టు, "ఇంట్లో తోడు వెయ్యడానికి చెంచాడు పెరుగు కూడా మిగల్చరు" అంది. వదిన చెప్పులేసుకుంటూ విని వెళ్ళిపోయింది. ఆ మాటన్న మనిషి షెడ్డుకు వస్తే, బల్ల మీద తన కోసమే అన్నట్టు, కోడలి చేతిరాతతో 'తోడు' అని రాసిన డబ్బా ఉంది.

అమ్మకు ఫోన్ చేశాను. అవతల మోగుతోంది. మోగుతున్న చప్పుడు నా వెనక నుంచే వస్తోంది. తిరిగి చూస్తే స్టూలు మీద, అమ్మ మొహం తుడుచుకుని వదిలేసిన తువ్వాలు కింద, ఫోను మెరుస్తోంది.

మోటారు ఆపలేదు, ఆపితే పిండి అడుగుకు దిగి రాయైపోతుంది. స్కూటర్ తాళాలు తీసుకుని పరుగెత్తుతూనే మళ్ళీ వదినకు చేశాను.

"వదినా, అమ్మ పట్టుకెళ్ళింది."

"ఏం పట్టుకెళ్ళారు?"

"తోడు."

మెషీన్ రొదలోంచి వదిన గొంతు ఈసారి చాలా మెల్లగా వచ్చింది.

"రుచి చూస్తారు."

ఆ సంగతి నాకు తెలియక కాదు. మా అమ్మ ఏ తోడునూ వేలితో తీసి నాలుక మీద వేసుకోకుండా పాలల్లో వెయ్యదు. పులుపు ఎక్కువైందా, వాసన వస్తోందా, చూసుకోవాలి. అంగడి నుంచి తెచ్చినా, పక్కింటి నుంచి తెచ్చినా అంతే. అది చెయ్యడానికి ఆవిడ పాలు కాచేదాకా కూడా ఆగదు. ఇంటికెళ్ళి మూత తీస్తే చాలు.

"వదినా..." అన్నాను. ఫోను అప్పటికే పెట్టేసింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర దుంపల లారీ ఒకటి వెనక్కి వెళ్తూ రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. డ్రైవరు కిందికి దిగి ఎవరితోనో వాదిస్తున్నాడు. హారన్ కొట్టాను. "ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు. ఆ ఒక్క నిమిషం నేను ఇచ్చే స్థితిలో లేను. "జరుపు ముందు, తర్వాత పోట్లాడుకుందువు గాని" అని అరిచాను, కానీ వాడు జరిపేదాకా ఆగలేదు. స్కూటర్ అక్కడే గోడకు ఆనించి, లారీకీ గోడకూ మధ్య సందులోంచి దూరి, పరుగు అందుకున్నాను. మామూలుగా నేను మెట్లెక్కినా ఆయాసపడే మనిషిని. ఆ రోజు సందులన్నీ ఎలా దాటానో నాకు తెలియదు. ఒకటే మాట నోట్లో తిరుగుతోంది. మూత తియ్యకమ్మా. మూత తియ్యకమ్మా. మనసులో ఇంకా చాలా మెదిలాయి. ఆవిడ నాలుక ఎంత చెడ్డదో నాకంటే ఎవరికి తెలుసు, ఆ నాలుకతో ఎంతమందిని ఏడిపించిందో కూడా తెలుసు. కానీ అది లేకుండా మా ఇల్లు ఎలా ఉంటుందో ఊహించలేకపోయాను.

మా వాటా మూడో అంతస్తులో. మొదటి అంతస్తులో బట్టలు కుట్టే పిన్ని ఉంటుంది. నేను మెట్ల మలుపు తిరిగేసరికి ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది, మొహం అదోలా ఉంది.

"రావే రా, నీ కోసమే చూస్తున్నా. మీ అమ్మ ఇచ్చిన తోడేంటే, ఇలా పొంగుతోంది?"

గుమ్మంలోంచే చూశాను. గట్టు మీద అల్యూమినియం గిన్నె ఉంది. అందులో తెల్లటి ముద్ద బుడగలు కక్కుతోంది, గిన్నె అంచులు నల్లబడుతున్నాయి. పిన్ని మళ్ళీ లోపలికి వెళ్ళి చెంచాతో దాన్ని కలపబోయింది.

"ముట్టుకోకు పిన్నీ. ఎవరైనా నోట్లో పెట్టుకున్నారా?"

"లేదు. ఇంకా పాలే కాచలేదు. గిన్నె కూడా వేడెక్కింది, పొయ్యి మీద పెట్టకుండానే."

"అది పెరుగు కాదు, మా ఫ్యాక్టరీ మందు. కిటికీలు తీసెయ్, దాని దగ్గరికి వెళ్ళకు, నేనొచ్చి తీస్తా. అమ్మేది?"

"పైకి వెళ్ళిందిగా, చాలాసేపైంది. చెంచాడు అడిగితే కోడలు డబ్బాడు పంపిందని మురిసిపోతూ ఇచ్చి వెళ్ళింది. ఏంటే, అంత ప్రమాదమా?"

నేను అప్పటికే మెట్ల మీద ఉన్నాను. మురిసిపోతూ అన్న మాట నా వెనకే వచ్చింది. అల్యూమినియం గిన్నెనే అలా తినేస్తుంటే మనిషి నాలుక ఎంత?

తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. బాదాను. లోపల మిక్సీ తిరుగుతోంది. "అమ్మా" అని అరిచాను. మిక్సీ తిరుగుతూనే ఉంది. మళ్ళీ బాదాను, అరచేతులతో కాదు, పిడికిళ్ళతో. మిక్సీ ఆగింది. ఆగాక కూడా జవాబు రాలేదు. ఆ నిశ్శబ్దంలో నేను చెడ్డ చెడ్డవన్నీ ఊహించుకున్నాను, నేల మీద పడి ఉందని, నోరు పట్టుకుని మాట రాక కూర్చుందని.

తలుపు తెరుచుకుంది. అమ్మ చేతిలో చెంచా ఉంది.

"తలుపు విరగ్గొడతావేంటే?"

మాట వచ్చింది. స్పష్టంగా వచ్చింది, తిట్టు కూడా స్పష్టంగా ఉంది. అయినా నాకు నమ్మకం కలగలేదు. ఆవిడ చేతిలోంచి చెంచా లాగి సింకులో పడేశాను.

"నోరు తెరువు."

"ఏం?"

"నోరు తెరవమ్మా, చెప్తా. నాలుక చాపు."

"పిచ్చి పట్టిందా నీకు? నేను చంటిపిల్లనా?"

అలా వాదిస్తుంటేనే లోపల నాలుక ఎర్రగా, చక్కగా, ఎప్పటిలాగే పదునుగా కనిపించింది. నేను గోడకు ఆనుకుని కింద కూలబడ్డాను. తర్వాత లేచి, అమ్మను సింకు దగ్గరికి లాక్కెళ్ళి, రెండు చేతులూ కొళాయి కింద పెట్టాను. కుడిచేతి వేళ్ళు జారుతున్నాయి. వేళ్ళ సందుల్లో ఎర్రబడింది. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, వదల్లేదు, ఎంతసేపు పెట్టానో తెలియదు.

గట్టు మీద పాలగిన్నె మూత తీసి చూశాను. అప్పటికే తోడు వేసేసింది. పాలు పసుపుపచ్చగా మారి, గరిటె ఎత్తితే తీగలు సాగాయి. రాత్రికి మేమందరం తినాల్సిన పెరుగది.

"సబ్బులా జారుతోందేంటా అనుకుంటూనే ఉన్నా. గిన్నె సరిగ్గా కడగలేదేమో అనుకున్నా" అంది అమ్మ, కొళాయి కింద చేతులతో.

"రుచి చూడలేదా?"

"లేదు."

"ఎప్పుడూ చూస్తావుగా."

అమ్మ నీళ్ళ వంక చూసింది.

"ఇన్నాళ్ళకి ఆ పిల్ల తన చేత్తో పేరు రాసి పంపింది. పొద్దున నేనన్న మాట మనసులో పెట్టుకుని పంపింది. దాన్ని కూడా నాలుక మీద వేసుకుని పరీక్ష చెయ్యాలా? ఎలా ఉంటే అలా తింటాం అనుకున్నా."

ఆవిడ బతికి బయటపడింది ఆ భ్రమ వల్లే. ఇప్పుడు ఆ భ్రమను నేనే తుంచాలి. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ పిన్ని గట్టు మీద గిన్నె ఇంకా పొంగుతోంది, ఇలాంటిదాని గురించి అబద్ధం చెప్పడం ఎవరి తరమూ కాదు.

"అది పెరుగు కాదమ్మా. జిగురులో కలిపే మందు. నోట్లో పడుంటే గొంతు కాలిపోయేది. మేం దాన్ని తోడని పిలుస్తాం, అంతే. వదిన నీ కోసం పెట్టలేదు."

అమ్మ మొహంలో భయం వస్తుందనుకున్నాను. రాలేదు. ముందు వచ్చింది సిగ్గు. పిలవని పెళ్ళికి వెళ్ళి పంక్తిలో కూర్చున్నాక ఎవరో లేపినట్టు అయిపోయింది ఆవిడ మొహం. కొళాయి తనే కట్టేసింది.

"అవునులే" అంది. "నా కోసం ఎందుకు పెడుతుంది?"

నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే ఆవిడ పడిపోయి ఉంటుందనుకున్నప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. గడియ వేసి లేదు, తలుపు దభాలున తెరుచుకుంది. వదిన. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, ఒంటి మీద కంపెనీవాళ్ళిచ్చిన ఆప్రాన్ అలాగే ఉంది, దాని నిండా అట్టల పొట్టు. ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో, ఏం ఎక్కి వచ్చిందో తర్వాత కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. నా వంక చూడనైనా చూడలేదు. సరాసరి అమ్మ దగ్గరికి వచ్చి, రెండు చేతులతో ఆవిడ దవడలు పట్టుకుంది.

"నోరు తెరవండి అత్తయ్యా."

అమ్మ తెరిచింది. నాతో అంత వాదించిన మనిషి ఒక్క మాట అనకుండా, స్కూలు పిల్లలా, నోరు పెద్దగా తెరిచి నాలుక చాపింది. వదిన వెలుతురు వైపు తిప్పి చూసింది. నాలుక కింద చూసింది. బుగ్గల లోపల చూసింది. గొంతులోకి చూసింది. చూడాల్సిందంతా చూశాక కూడా దవడలు వదల్లేదు.

"మింగారా ఏమన్నా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నొప్పి ఉందా?"

మళ్ళీ అడ్డంగా.

అప్పుడు వదిలింది. వదిలి, అక్కడే కింద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. అమ్మ ఆవిడ నెత్తి మీద తడిచెయ్యి పెట్టబోయి, ఆ చేతిలో ఇంకా మందు ఉందేమోనని వెనక్కి తీసుకుంది. కొంగుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టింది.

"మెషీన్ మీద నీ జిగురు ఉండగా వచ్చేశావా?"

"మరి?"

"ఎలా అతుకుతోందో చూడకుండానే?"

"చూడలేదు. రెండో పీపా కూడా లేదు. ఆగిపోయే ఉంటుంది ఈపాటికి." వదిన తలెత్తలేదు. "పోతే పోయింది అత్తయ్యా."

ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలుసు. ల్యాబు కుర్చీ వదిలి, మాటలు పడి, పులిసిన నీళ్ళల్లో మోకాళ్ళ దాకా నిలబడి చేసినదంతా ఆ పోతే పోయింది అన్నదాంట్లో ఉంది. అమ్మకు కూడా తెలిసినట్టుంది. ఎందుకంటే ఆవిడ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"లే" అంది. "పోతే పోయిందో లేదో వెళ్ళి చూద్దాం."

ముందు వీధి చివర డాక్టరు దగ్గర వేళ్ళు చూపించాం. పైపైన ఎర్రబడింది, బాగా కడిగారు కాబట్టి సరిపోయింది అన్నారు. పిన్ని ఇంట్లో గిన్నె నేను చేతి తొడుగులేసుకుని తీశాను, వదిన గట్టు కడిగింది, అమ్మ గుమ్మంలో నిలబడి పిన్నికి కొత్త గిన్నె కొనిస్తానని మాటిచ్చింది. తర్వాత ముగ్గురం కలిసి అట్టపెట్టెల కంపెనీకి వెళ్ళాం. దారంతా అత్తాకోడళ్ళు పెద్దగా మాట్లాడుకోలేదు. కానీ నా చేత ఏమీ మోయించలేదు.

మెషీన్ ఆగి ఉంది. మేస్త్రి మొహం ముడుచుకుని ఉన్నాడు.

"ఏం మేడమ్, మధ్యలో అలా పరుగెత్తి వెళ్ళిపోతారా? జిగురు అయిపోయింది, లైను ఆపాల్సి వచ్చింది" అన్నాడు వదినతో.

"పెట్టెలు?" అంది వదిన.

అతను మూల వైపు చెయ్యి చూపించాడు. మొదటి పీపాతో అతికిన పెట్టెలు అక్కడ పేర్చి ఉన్నాయి. "ఆరాయి. నేనింకా చూడలేదు. అతుకు పట్టుకుని చింపాలి. కాగితం చిరిగిందంటే మీ జిగురు మంచిది. అతుకు వీడిందంటే మీ పీపాలు మీరు పట్టుకెళ్ళొచ్చు."

వదిన కదల్లేదు. వెళ్ళి చెయ్యి వెయ్యడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు, అది స్పష్టంగా కనిపించింది. నాకూ చాలలేదు. మేస్త్రి ఒక పెట్టె తీయబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"ఇలా ఇవ్వు" అంది.

మా అమ్మ చేతుల సంగతి చెప్పలేదు కదూ. బిగుసుకుపోయిన మూతలన్నీ మా మేడలోవాళ్ళందరూ ఆవిడ దగ్గరికే తెస్తారు. ఎర్రబడిన వేళ్ళకు డాక్టరు కట్టిన గుడ్డ అలాగే ఉంది. పెట్టెను పొట్టకు ఆనించుకుని, అతుకు దగ్గర రెండు పక్కలా పట్టుకుని, కోడలి మీద జాలి లేదన్నట్టు, నిజంగా ఊడదీయాలనే లాగింది. మొహం ఎర్రబడింది. మొదట ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా లాగింది. చర్రుమని చప్పుడైంది. వదిన కళ్ళు మూసుకుంది.

కాగితం చిరిగింది. అతుకు పక్క నుంచి, అడ్డదిడ్డంగా, పీచులు లేచి మరీ చిరిగింది. అతుకు మాత్రం అలాగే ఉంది.

అమ్మ దాన్ని తిప్పి చూసింది, వేలితో తడిమింది. ఇంకో పెట్టె తీసుకుని అదీ చింపింది. మూడోది కూడా తీసుకోబోతే మేస్త్రి, "చాలు పెద్దమ్మా, నాకు పెట్టెలు మిగల్చండి" అన్నాడు. వదిన వైపు తిరిగి, "రేపు పొద్దున రెండో పీపా తెండి. ఈసారి మీరిక్కడే ఉండాలి" అన్నాడు.

వదిన తలూపింది.

తిరిగొస్తూ షెడ్డు దగ్గర ఆగాం, మోటారు ఇంకా తిరుగుతోంది, పిండి నిలిచే ఉంది. నేను ఇంటికెళ్ళి డబ్బాను వెనక్కి తెచ్చాను. దాన్ని బల్ల మీద పెడుతుంటే వదిన రంగు సీసా, కుంచె తీసింది. ఉన్న అక్షరాలను గీకేస్తూ అంది.

"ఇక ఈ పేరు వద్దు. విషం అని రాస్తాను, పెద్దక్షరాలతో."

అన్నాలు తినే పక్క స్టూలు మీద కూర్చుని అమ్మ తన ఫోను తువ్వాలుతో తుడుచుకుంటోంది.

"ఏం రాసినా దాని చేత రాయించు" అంది నన్ను చూపిస్తూ. "నువ్వు మాత్రం రాయకు. నీ చేతిరాత చూస్తే నేను మళ్ళీ ఇంటికి పట్టుకుపోతాను."